పసుపుకొమ్ము వాత

సైదమ్మకు తప్పు కనబడితే నాలుక ఊరుకోదు. పోచంపల్లిలో రంగుకు ముందు దారాలు బిగించి కట్టడంలో ఆమెను మించిన చెయ్యి లేదు. ఒక్క కట్టు పక్కకు జరిగితే ఎక్కకూడని చోట రంగెక్కి చీర మొత్తం పాడవుతుంది. ఆ బుద్ధి మగ్గం దగ్గరే ఆగితే బాగుండేది. మొగుడు గాలయ్య మాటలనూ, పక్కింటివాళ్ల ముగ్గులనూ, చివరికి కూతురి పీడకలలనూ దిద్దేది.

కూతురు స్వరూపకు తల్లి మీద కోపం. మామూలు కోపం కాదు, ఆమె వండిన అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగనివ్వని కోపం. డిగ్రీ రెండో ఏడులో స్వరూపకు ఎవరూ లేని చోట మాటలు వినబడటం మొదలైంది. దవాఖానకు తీసుకుపోవాల్సింది పోయి, ఇంటివాళ్లు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. వాడు ఆమె మొహం మీద గుడ్డ కప్పి కాళ్లకు వాతలు పెట్టాడు. దయ్యం పోలేదు సరికదా, పాత గొంతులకు కొత్తది తోడైంది: "జర ఓర్సుకో బిడ్డా, అయిపోతది."

జిల్లా దవాఖాన మందులు పాత గొంతులను అణచాయి. ఈ ఒక్కటి పోలేదు. అది అమ్మ గొంతు. ఆనాడు తన కాళ్లను అదిమిపట్టిన చేతులూ అమ్మవేనని స్వరూపకు తెలుసు. తెలుసని అనుకుంటుంది. సైదమ్మ మాట వేరు: "నేను కొబ్బరికాయలకు పోయిన. వాని ఇంట్ల అడుగే పెట్టలే. దానికి తలకాయ బాగలేక గట్ల అంటాంది."

ఊరు తల్లినే నమ్మింది. పిచ్చిదని పేరుపడ్డాక నిప్పు కాలుతుందని చెప్పినా ఎవరూ నమ్మరు. స్వరూపకు తేలాల్సింది ఒక్కటే, ఆ చేతులు నిజమా, జబ్బు పుట్టించినవా అని. తేలకపోతే తన కళ్లనూ చెవులనూ ఇక దేన్నీ నమ్మడానికి లేదు.

జిల్లా దవాఖానలోని కౌన్సెలర్ త్రివేణి ఆనాటి సంగతినే వారం వారం కొంచెం కొంచెంగా చెప్పించేది. పాదాలు నేలకు ఆనించి, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి. ఊపిరి ఆడకపోతే ఆపి, గదిలో ఉన్న వస్తువుల పేర్లు చెప్పుకొని, మళ్లీ మొదలుపెట్టాలి. బయట బెంచీ మీద సైదమ్మ పళ్లు నూరేది.

"మానిన పుండును గెలుకుతున్నరు మేడం. గోలీలు ఇయ్యుండ్రి, చాలు."

"మానితే నిద్రల ఎందుకు ఒర్రుతదమ్మా?" అంది త్రివేణి.

ఆ వారం స్వరూపే తల్లిని లోపలికి పిలవమంది. సైదమ్మ మూతి ముడుచుకొని కుర్చీ అంచున కూర్చుంది.

"మొహం మీద గుడ్డ ఉన్నది," స్వరూప మొదలుపెట్టింది. "పొగ వాసనొస్తాంది. ఎవరో నా కాళ్లు పట్టుకున్నరు. ఇనుపకడ్డి కాలుస్తున్నరు. ఎడమ కాలికి పెట్టిండ్రు..."

"ఇనుపకడ్డి కాదు," అంది సైదమ్మ. "పసుపుకొమ్ము. ముందుగాల కుడి కాలికే పెట్టిండు. నువ్వు తన్నుకుంటే ఎడమది నా చేతులకెళ్లి జారింది, గప్పుడు దానికి..."

పక్కవాళ్ల ముగ్గులో చుక్క దిద్దినంత తేలిగ్గా అనేసింది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ మాట దాటిపోయింది.

స్వరూప ఏడవలేదు. ఆమెకు ముందు కలిగింది సంతోషం, పగతో నిండిన పచ్చి సంతోషం. తన తల ఎక్కడెక్కడ చెడిందో గానీ ఇక్కడ మాత్రం చెడలేదు.

"కొబ్బరికాయలు దొరికినయా అమ్మా?" అని అడిగింది.

"కన్నతల్లి పట్టుకుంటేనే దయ్యం పోతదన్నడు బిడ్డా. నీ బాగుకే గదా."

"పట్టుకున్నది నా బాగుకే అనుకో. నాకు పిచ్చని ఊరంత చెప్పింది ఎవల బాగుకు?"

సైదమ్మ బస్సుకు టైమైందంటూ లేచి, అలవాటు కొద్దీ కూతురి మణికట్టు పట్టుకుంది. స్వరూప ఆ చేతినీ, నీలిరంగు ఇంకిపోయిన గోళ్లనూ చూసింది.

"గా దినం గట్టిగ పట్టుకున్నవ్," అంది. "ఇగ ఇడువు."

సైదమ్మ విడిచింది. స్వరూప పాదాలు నేలకు ఆనించుకొని త్రివేణి వైపు తిరిగింది.

"కుడి కాలు కాడికెళ్లి మళ్ల చెప్త మేడం. ఆమెను బయట కూసోమనుండ్రి."