ఇంక్యుబేటర్లో బూజు

ఇంక్యుబేటర్ తలుపు తీసి దేవిశ్రీ ఉసూరుమంది. ఇది మూడోసారి. ఫ్లాస్కుల్లో కణాలు పెరగాల్సిన చోట మళ్ళీ బూజే. క్యాన్సర్ రోగుల నుంచి తెచ్చి కంటికి రెప్పలా పెంచుకుంటున్న కణాలు, రెండేళ్ళ పరిశోధన చాకిరీ, అంతా పారబోసే బ్లీచింగు నీళ్ళ పాలయింది.

మొదటి రెండుసార్లూ నింద చలమయ్య మీద పడింది. మద్దిలపాలెంలోని ఆ ల్యాబులో అతను అటెండరు. లోపల తేమ కోసం ఇంక్యుబేటర్ అడుగున పెట్టే ట్రేలో నీళ్ళు మార్చేది అతనే.

"మరగబెట్టిన నీళ్ళే పోసేనమ్మా, నన్ను నమ్మండి" అని మొత్తుకున్నాడు పాపం. ఎవరు వింటారు? అటెండరు శుభ్రత పాటించడం లేదని కాగితం రాసిచ్చింది సాక్షాత్తూ దేవిశ్రీయే. కాంట్రాక్టు ఉద్యోగమాయె, మర్నాడే తీసేశారు.

అతను వెళ్ళి రెండు నెలలు. బూజు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. మరి చలమయ్య కాకపోతే ఇంకెవరు? ఈసారి ఒక్కొక్క వస్తువునూ, బూజు ఉంటే మొలిచి కనిపించే పరీక్ష ప్లేటుకు అద్ది చూసింది. తలుపు రబ్బరు, అరలు, ఫ్యాను, అన్నీ శుభ్రమే. చివరికి, ఎందుకైనా మంచిదని, తను తొడుక్కున్న తెల్లకోటు చేతిని కూడా అద్దింది. నాలుగో రోజుకు ఆ ఒక్క ప్లేటే పచ్చగా బూజు పట్టింది.

కోటు ఆమె ఇంట్లోనే ఉతుక్కుంటుంది. కంచరపాలెంలో మేడ మీద ఆరేస్తే ఓడరేవు బొగ్గు నల్లధూళి పడుతుందని, చెమ్మ ఊరే వెనక గదిలో, గోడవారగా తాడు మీద వేస్తుంది. తెల్లకోటు తెల్లగా ఉండాలన్న తాపత్రయం మరి! ఛీ, ఎంత పని చేశాను అనుకుంది.

ల్యాబు పెద్ద సార్‌కు చెబితే, "కారణం దొరికిందిగా, ఇక వదిలెయ్. చలమయ్య చోట కొత్తవాడొచ్చి చాన్నాళ్ళయింది" అన్నాడాయన.

ఆ సాయంత్రమే గాజువాకలో షేర్ ఆటో దిగి, అడుగుతూ అడుగుతూ చలమయ్య ఇల్లు పట్టుకుంది. అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాది బాబాయ్. బూజు నా కోటు మీదినుంచి వచ్చింది. నీ తప్పేం లేదు" అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

చలమయ్య తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. అతను రెండు చేతులూ చాపాడు. బ్లీచింగుతో తోమి తోమి వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి, ఎర్రగా పుళ్ళు పడి ఉన్నాయి.

"నా సేతుల్లోనే ఏటో ఉందనుకున్నానమ్మా" అన్నాడు. "మనవరాలు పుట్టి నెల్లాళ్ళయ్యింది. భయమేసి ఇంకా ఎత్తుకోనేదు."