నల్లా వచ్చే గంట

పుణ్యవతి వాళ్ళ వీధికి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, తెల్లవారుజామున నాలుగున్నరకు. ఆ గంట దాటితే రెండు రోజులు నీళ్ళకు కటకటే. డ్రమ్మూ ఆరు బిందెలూ నింపి, అన్నం వండి, ఆరింటికల్లా బోరబండ స్టేషన్‌లో రైలెక్కాలి. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు ఏడో అంతస్తు ఆమెది. ఊడ్చి తుడవడం వరకే లెండి.

నెలన్నరగా భర్త ఎల్లేశం ఇంట్లోనే ఉంటున్నాడు. జీడిమెట్లలో అతను పనిచేసే మందు గోలీల కంపెనీ సరుకంతా అమెరికాకే పోయేది. అక్కడ ఆ సరుకు మీద పన్నులు పెరుగుతాయన్న భయంతో ఆర్డర్లు ఆపేశారట, ప్యాకింగ్ వాళ్ళను రావద్దన్నారు. దిగులుగా ఉన్నాడు పాపమని పుణ్యవతి మొదట్లో ఏమీ అనలేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే పని తగ్గాలి కదా, పెరిగింది. పొద్దున రెండుసార్లు చాయ్, మధ్యాహ్నానికి విడిగా ఇంకో కూర. ఒక్క బిందె పట్టమంటే, "ఆడోళ్ళ నడుమ నేను నిలవడాల్నా? నీదేం పని, ఊడ్చుడే గదా" అన్నాడు. ఆ మాట ఆమె మనసులోంచి పోలేదు.

మంగళవారం ఆఫీసుకు అమెరికా వాళ్ళు వచ్చారు. లిఫ్టు ముందు ఆమె చేత పెద్ద ముగ్గు వేయించి, "పుణ్యవతమ్మా, గెస్టులు వెళ్ళేదాకా మెట్ల మీద కూర్చో, కనపడొద్దు" అన్నాడు సూపర్‌వైజర్ వినయ్. రిసెప్షన్ అమ్మాయి హారతి పట్టింది. వాళ్ళు ముగ్గును మెచ్చుకుంటుంటే ఆ అమ్మాయి థాంక్స్ చెప్పడం మెట్ల తలుపు ఇవతలికి వినిపించింది.

సాయంత్రం వినయ్ మళ్ళీ పిలిచాడు. "అక్కడ బిజినెస్ తగ్గిందంట, ఖర్చు తగ్గించమన్నారు. రేపట్నుంచి ఎనిమిదో ఫ్లోర్ కూడా నువ్వే చూడాలి. జీతం మాత్రం అదే."

"ఎనిమిదిల నర్సమ్మ ఉంది గద సార్?"

"ఆమెని తీసేశాం."

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. ఎక్కడో అమెరికాలో కొనేవాళ్ళు తగ్గితే ఎల్లేశానికి పని ఆగింది, నర్సమ్మకు పోయింది, తనకు మాత్రం ఆఫీసులోనూ ఇంట్లోనూ రెండింతలైంది. ఆమెకు చాలా కోపం వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే ఎల్లేశం టీవీ మీంచి చూపు తిప్పలేదు. "చెయ్యాలె మరి. ఉన్న నౌకరీ గూడ పోగొట్టుకుంటవా?"

"చేస్త" అంది. వినయ్‌తో కాదనే ధైర్యం తనకు లేదని ఆమెకు తెలుసు.

తెల్లారి నాలుగున్నరకు వీధిలో బిందెల చప్పుడు మొదలైంది. పుణ్యవతి లేవలేదు. ఎల్లేశాన్ని భుజం తట్టి లేపింది.

"నల్లా వచ్చింది."

"అయితే ఏంది?"

"ఆడ రెండో మనిషి పని నేను జేస్తున్న. ఈడ నా పని నువ్వు జెయ్యి. బిందెలు రాత్రే తలుపు కాడ వెట్టిన, గంటనే ఉంటది" అని గోడవైపు తిరిగి పడుకుంది.