రెండంగుళాల తేడా

కుర్చీలు అమ్మే ఆ షోరూములో కూర్చోకూడనివాళ్ళు రెండు రకాలు: కుర్చీలు తుడిచేవాళ్ళు, కుర్చీలు అమ్మేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా అక్కడ అమ్మకాలు చూస్తున్న ఆమెను తోటివాళ్ళు స్తంభమక్క అని పిలిచేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమె కోప్పడేది కాదు. కోప్పడటానికి కూడా ఓపిక ఉండాలి కదా.

షోరూముకు పేరు తెచ్చింది ఒక పాత నమూనా కుర్చీ. డెబ్బై ఏళ్ళ కిందట ఒకాయన గీసినది. పలుచటి చెక్కను ఆవిరి పట్టి వంచి, మీద తోలు పరిచి, సన్నటి కాళ్ళ మీద నిలబెట్టారు. “ఆయన వేసిన కొలతల్లో వెంట్రుకవాసి మార్చినా అది ఆయన కుర్చీ కాదండీ” అని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రోడ్డుకు అవతల కొట్లో అచ్చం అలాంటిదే పదో వంతు ధరకు దొరికేది. ఆ మాట ఎవరైనా ఎత్తితే, “పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే పులైపోతుందా అండీ?” అనేది. జనం హాయిగా నవ్వేవారు. నవ్వి, రోడ్డు దాటి నక్కనే కొనుక్కునేవారు.

ఇంటికి చేరేసరికి ఆమె పిక్కలు రాళ్ళయ్యేవి. భర్త బస్సు నడిపి రిటైరైన మనిషి. “నేను కూర్చుని కూర్చుని నడుం పోగొట్టుకున్నాను, నువ్వు నిలబడి నిలబడి మోకాళ్ళు పోగొట్టుకున్నావు. ఇద్దర్నీ కలిపినా ఒక మనిషి అవడు” అంటూ వేడినీళ్ళ బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు.

అమ్మకాలు మరీ పడిపోయాక యజమాని ఒక ప్రకటన తలపెట్టాడు. “మోడల్ని పెడితే డబ్బులిచ్చి నవ్వించారంటారు. నువ్వయితే ఇన్నేళ్ళు వీటి మధ్యే బతికినదానివి. నువ్వు కూర్చుంటే నమ్ముతారు” అన్నాడు. “ఇది పనిచేసిందంటే పైన ఫోన్ల దగ్గర సీటు నీదే.”

ఫోన్ల దగ్గర పని అంటే రోజంతా కూర్చుని చేసే పని. ఆ సీటు కోసం ఆశపడ్డంతగా ఆమె తన పెళ్ళికి కూడా ఆశపడలేదు.

ఫొటో రోజున ఇస్త్రీ చీర కట్టుకుని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది.

“కాళ్ళు కింద పెట్టండక్కా” అన్నాడు ఫొటోగ్రాఫరు.

“పెట్టాననే అనుకున్నా బాబూ. అందట్లేదు.”

గీసినాయన ఆరడుగుల మనిషి కాబోలు, తన కాళ్ళకు సరిపడా గీసుకున్నాడు. ఆమె ముందుకు జరిగితే వీపు ఆనడం లేదు, డాక్టరు పిలుపు కోసం కాచుకున్న రోగిలా ఉంది. వెనక్కి జరిగితే కాళ్ళు వేలాడుతున్నాయి. మోకాళ్ళ పైవరకే తీద్దామంటే యజమాని ఒప్పుకోలేదు. ఆ కుర్చీ అందమంతా కాళ్ళలోనే ఉందన్నాడు. చివరికి ఫొటోగ్రాఫరు నసిగాడు: “ఎదురుకొట్లోది రెండంగుళాలు పొట్టి సార్. ఫొటోలో ఎవరికి తెలుస్తుంది?”

యజమాని కక్కలేక మింగలేక కాసేపు అటూ ఇటూ తిరిగాడు. “వెనక దారిన తీసుకురా” అన్నాడు.

దుప్పటి కప్పి తెచ్చారు. ఆమె కూర్చుంది. పాదాలు రెండూ నిండుగా నేలకు ఆనాయి. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఫొటోగ్రాఫరు చప్పుడు చేయకుండా ఫొటో తీసుకున్నాడు. అందరికీ శకునాలు చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. అయితే ఆ కుడితి వెచ్చగా, సుఖంగా ఉంది.

“అసలులో ఉన్న హాయి నకలులో రాదు” అన్న మాటలతో ఆ ఫొటో పేపర్లలో పడింది, గోడలెక్కింది. జనం రావడం మొదలైంది. “ఒకటో తారీఖు నుంచి పైకి వెళ్ళిపో” అన్నాడు యజమాని.

ఇంకో వారంలో ఒకటో తారీఖు అనగా ఒక పెద్దావిడ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఆ ఫొటో పడ్డ పేపరు ముక్క.

“మా ఆయన పోయాక ఒక్క గదిలోకి మారానమ్మా. ఒక్క కుర్చీయే పడుతుంది. ఇక పోయేదాకా అందులోనే కదా కూర్చునేది, అందుకే మంచిది కొందామని వచ్చా” అంటూ కూర్చుంది. కాళ్ళు గాలిలో ఊగాయి. ఆవిడ పేపరు ముక్కను చూసింది, పక్కన నిలబడ్డ స్తంభమక్కను చూసింది. “మీరూ నా ఎత్తే కదమ్మా. ఫొటోలో మీ కాళ్ళు నేలకి ఆనాయి. నావెందుకు ఆనట్లేదు?”

యజమాని చప్పున దగ్గరికొచ్చాడు. “కాళ్ళ కిందికి పీట ఉందండీ, విడిగా అమ్ముతాం.”

పెద్దావిడ ఆయన వైపు చూడలేదు, ఆమెనే చూస్తోంది. ఆమెకు సిగ్గేసింది. సీటు పోతుందని భయం కూడా వేసింది. సిగ్గే ముందు నోరు తెరిచింది.

“అది ఈ కుర్చీ కాదండీ. ఎదురుకొట్లోది. దాని కాళ్ళు పొట్టి. మీకు అదే బాగుంటుంది.”

యజమాని అరవలేదు. అరిచినా బాగుండేది. “పైన సీటు సంగతి ఇక మర్చిపో” అని మెల్లగా చెప్పి అవతలికి పోయాడు.

“ఆ రోడ్డు కాస్త దాటిస్తావా తల్లీ” అంది పెద్దావిడ. ఆమె చెయ్యందించింది.

ఇరవై ఏళ్ళలో ఆమె ఆ కొట్టు గడప తొక్కడం అదే మొదలు. లోపల వార్నిషు వాసన, ఇరుకు. కొట్టాయన పెద్దావిడకు కుర్చీ జరిపాడు. వెంటనే ఇంకోటి లాగి, “మీరూ కూర్చోండక్కా” అన్నాడు.

“నేను కొనడానికి రాలేదు బాబూ.”

“కూర్చోడానికి కొనాలా ఏంటి?”

ఆమె కూర్చుంది. అద్దాల తలుపులోంచి చూస్తే అవతలి గట్టున యజమాని నిలబడి ఇటే చూస్తున్నాడు. లేవాలి, రోడ్డు దాటాలి, మాటలు పడాలి, మళ్ళీ సాయంత్రం దాకా నిలబడాలి. అన్నీ తెలుసు. తెలిసి కూడా లేవలేదు.