గడప బయటి బెంచీ

తన గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న చెల్లెలి కోసం తిమ్మరాయన్ వాకిట్లో బెంచీ చేస్తున్నాడు. కూతురు తమిళరసి పెళ్లికి పందిరి తొలిగుంజ నాటే రోజు దగ్గరపడింది. ఆ గుంజకు ఇంటి ఆడపడుచు పసుపు పూయనిదే వాళ్ల వంశంలో పెళ్లిపని మొదలుకాదు. గుంజ నాటేది వాకిట్లో, బెంచీ ఉండేదీ వాకిట్లోనే. చెల్లెలు రాజమ్మాళ్ కడత్తూరు నుంచి వచ్చి, కూర్చొని, పసుపు పూసి వెళ్లవచ్చు. ఒట్టుకు భంగం రాదు. ఈ ఉపాయం విని ఆమె ఫోనులోనే ఒప్పుకున్నది.

"సరి, వస్తాను. నీకోసం కాదు, పిల్లకోసం."

ఆ ఒట్టుకు కారణం ఒక చెక్క. పెరియంపట్టిలో పుట్టింటి పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు రాజమ్మాళ్ భాగం అడగలేదు. పెళ్లయ్యేదాకా ప్రతి శుక్రవారం తాను పసుపు పూసిన, తామరపువ్వు చెక్కిన వేపగడప ఒక్కటే ఇమ్మన్నది. గడప మరో ఇంటికి పోతే లక్ష్మి దాని వెంటే పోతుందని భయపడి, తిమ్మరాయన్ దాన్ని చెదలు తినేశాయని చెప్పాడు. ఆమె నమ్మలేదు. కొత్త ఇంటికి నల్లరాతి గడప ఎత్తిన రోజున ఒట్టు పెట్టుకొని వెళ్లిపోయింది. వేపగడప మాత్రం పెరట్లో సెంట్రింగ్ పలకల అడుగున, ఏ పురుగూ ముట్టకుండా పడి ఉన్నది.

తిమ్మరాయన్‌ది సెంట్రింగ్ పని. శ్లాబు గట్టిపడగానే ఊడదీసే పలకలు కొట్టడమే అతనికి తెలుసు. నిలిచి ఉండవలసిన వస్తువేదీ అతని చేతిమీదుగా రాలేదు. కొన్న చెక్కతో చేసిన మొదటి బెంచీ నాలుగెండలకే మెలితిరిగి ఒక పక్కకు ఒరిగింది.

"మీ చెల్లెలు దీనిమింద కూచుంటే పెండ్లికి కాదు, ఆసుపత్రికి పోతాది," అని భార్య మాదేశ్వరి నవ్వింది.

అతడు పలకల అడుగు నుంచి గడపను లాగడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఇదా? గడపమింద ఎవురైనా కూచుంటారా? పిల్లోళ్లు కూచుంటేనే లేపుతామే!"

"చిత్రిక పట్టినాక ఇంక గడపేడిది? పలక."

"ఆయమ్మ కనిపెడితే?"

"పువ్వు చెక్కిన పక్క కిందికి పోతాది. వంగి చూసేదానికి ఆమె ఏమన్నా మేస్త్రియా?" చిత్రిక అందుకుంటూ మళ్లీ అన్నాడు: "అడిగింది కదా. దానిమిందనే కూచోనీ."

ఆ మాటలో ప్రేమ ఉన్నదని అతడు మనస్ఫూర్తిగా నమ్మాడు.

పువ్వు చెక్కిన ముఖాన్ని వదిలి మిగిలిన పక్కలన్నీ తెల్లగా తేలేదాకా చిత్రిక పట్టాడు. పసుపు పట్టిన పొట్టు కాళ్ల చుట్టూ రాలింది. పాత ద్వారబంధపు నిలువు చెక్కలను వెనుకా, గడపను ముందూ అమర్చి, వాననీరు జారడానికి మధ్య సందులు వదిలాడు. కాళ్లకు తారు పూశాడు. ఈసారి బెంచీ కదలలేదు.

చెప్పిన రోజున రాజమ్మాళ్ వచ్చింది. తమిళరసి ఎదురు పరుగెత్తింది.

"ఏమే, పెండ్లికూతురు మాదిరి లేవే! ఇంత బక్కచిక్కినావు?"

"నువ్వు వస్తావో రావో అని తిండే ఎక్కలేదత్తా."

రాజమ్మాళ్ బెంచీ మీద కూర్చుని పక్కన అరచేత్తో నిమిరింది. "బాగుండాదన్నా. నీ చేత ఇంత నున్నగా ఏదీ రాలేదే!"

అన్నా అన్న ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. తిమ్మరాయన్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తమిళరసి పసుపుగిన్నె తెచ్చింది. మోకాళ్లు సహకరించక, లేవడానికి రాజమ్మాళ్ బెంచీ ముందు అంచును గట్టిగా పట్టుకున్నది. వేళ్లు అడుగుకు వంగాయి. అక్కడే ఆగాయి. మెల్లగా ఒక్కొక్క రేకూ తడిమాయి. చిన్ననాడు ఆమె చేతిలోంచి రోకలి జారిపడి విరిగిన రేకు దగ్గర ఆ చొట్ట అలాగే ఉన్నది.

"చెదలు తినేసినాయి అంటివే."

"నీకోసమే కదమ్మా చేసినాను. నువ్వు అడిగిందే..."

"తలపెట్టి మొక్కేదానికి అడిగినాను. నువ్వు తెచ్చి ముడ్డికింద పెట్టినావు."

ఆమె ఒక్కతే బెంచీని తలకిందులు చేసింది. ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ ఆపలేదు. గిన్నెలోని పసుపంతా తామరపువ్వుకు పూసింది. శుక్రవారాల్లో చేసినట్టే ప్రతి రేకు సందులోకీ వేలితో దిద్ది, కుంకుమ పెట్టి, నుదురు ఆనించింది. ఖాళీ గిన్నెను మేనకోడలి చేతిలో పెట్టింది.

"నీమింద కోపం లేదమ్మా," అని, అన్న వైపు చూడకుండానే బస్సు రోడ్డు పట్టింది.

గుంజ నాటడానికి వచ్చిన చుట్టాలు గుసగుసలాడారు. తిమ్మరాయన్ బెంచీని సరిగా నిలబెట్టబోయాడు.

"ముట్టొద్దు," అన్నది మాదేశ్వరి. "ఆడపడుచు పసుపు పూసిపోయిన గడప అది. ఇంక దానిమింద ఏ ముఖంతో కూచుంటావు?"

అతడు చేతులు వెనక్కి తీసుకున్నాడు. పందిరి గుంజ పసుపు లేకుండా నేలమీద పడి ఉన్నది. దాని పక్కనే, తారు పూసిన బెంచీ కాళ్లు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి.