డోరీన్ మొగ్గ, మ్యాటీ మందు

సెప్టెంబరు వచ్చిందంటే మా ఊళ్లో లీకుల పోటీ. లీకంటే ఉల్లికాడ జాతిదే, కాకపోతే చంటిపిల్లాడి తొడంత లావు. ఏటా కప్పు గెలిచేది మా పక్కింటి మ్యాటీ హెపుల్, ఓడిపోయేది నేను. వాడు లీకులకు పోసే మందులో ఏముందో పెళ్లాం డోరీన్‌కు కూడా చెప్పడు. కంచె ఇవతల నుంచి నేను ఏళ్ల తరబడి వాసన పట్టినా అందులో బీరుందని తప్ప ఇంకేమీ కనిపెట్టలేకపోయాను.

డోరీన్‌ది ఆర్కిడ్ పిచ్చి. మంచు కింద నిద్రపోయి వసంతంలో లేచే రకం, పసుపుపచ్చ చెప్పులాంటి పువ్వు పూస్తుంది. ఎన్నో ఏళ్లకు అది తొలి మొగ్గ తొడిగిన వారమే ఆమె చెల్లెలు కాలు విరగ్గొట్టుకుంది. డోరీన్ వెళ్లక తప్పలేదు.

"వాన నీళ్లు పొయ్యి, చాలు. ఎరువు జోలికి పోకు," అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

మ్యాటీకి మనసొప్పలేదు. ఆమె వేసే ఎరువు నీళ్లకు రంగైనా ఉండదు, పాపం మొక్క పస్తులుంటోందనుకున్నాడు. ప్రేమకొద్దీ ఓ డబ్బాడు లీకుల మందు కుమ్మరించాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఆకుల అంచులు మాడి, మొగ్గ రాలిపోయింది.

డోరీన్ ఏడవలేదు. అందుకే కంచె ఇవతల నుంచి చూస్తున్న నాకు భయమేసింది.

"ఏం పోశావ్?"

"ఏదో కాస్త బలానికి..."

"మొక్క వేళ్లు కడగాలంటే ఏం పోశావో తెలియాలి కదయ్యా! చెప్తావా, నీ లీకులన్నీ పీకి సూపు కాచెయ్యనా?"

మ్యాటీ నా వైపు చూశాడు. నేను గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నట్టు నటించాను. వాడు వంగి ఆమె చెవిలో చెప్పాడు. ఒక్క ముక్క నాకు వినబడితే ఒట్టు, దొంగ సచ్చినోడు!

"అంతేనా?" అంది డోరీన్ గట్టిగా. "నా చక్కెర డబ్బా ఎటు పోతోందో నాకు తెలీదనుకున్నావా? గొర్రె పెంటికలు నానేసేది నా బట్టల బకెట్లోనేగా!"

"తెలిసి మరెందుకు అడిగావే?"

"నాకు చెప్తావో లేదో చూద్దామని."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, మొక్కను పైకి తీసి, వేళ్లు కడిగి, గులకరాళ్లు కలిపిన కొత్త మట్టిలో నాటారు.

ఆ సెప్టెంబరులో కప్పు నాది. ఎలాగో మీకు తెలుసు. మ్యాటీని ఉడికిద్దామని కప్పు పట్టుకుని కంచె దాటాను. వాడు ఆర్కిడ్ చుట్టూ ఎండుటాకులు పరుస్తున్నాడు. వచ్చే ఏటి మొలకలు రెండు మట్టిలోంచి ముక్కు బయటపెట్టాయి.

"గెలిచానురా!" అని అరిచాను.

"మెల్లగా మాట్లాడరా," అన్నాడు మ్యాటీ, మొక్క మీద ఇంకో ఆకు కప్పుతూ. "ఇప్పుడే పడుకుంది."