మూత మీద అరచెయ్యి

వెంకయ్య పన్ను ఊడి బానెట్ మీద పడింది. దాని వెనకే నోట్లోంచి రక్తం, తెల్లటి పెయింటు మీద ధార కట్టింది. ఇంకొకడైతే మూతి పట్టుకుని కూలబడేవాడు. ఈ మహానుభావుడేం చేశాడో తెలుసా? భుజం మీది తుడుపుగుడ్డ తీసి ముందు బానెట్ తుడిచాడు. రక్తం ఎండితే పెయింటు పాడవుతుందట! ఆ తర్వాతే తన మూతి తుడుచుకున్నాడు. పన్నెండేళ్ళు ఆ అంబాసిడర్‌కి చాకిరీ చేసి చేసి మనిషి అలా తయారయ్యాడు.

కొట్టినవాడు పూర్ణచంద్రరావు, ఆ కారు యజమాని. పర్చూరు దాపుల్లో ఎటు చూసినా కనబడే మిరపచేలూ పత్తిచేలూ సగం ఆయనవే. ఊరంతా పూర్ణబాబు అంటుంది. రెండు చేతులకీ నాలుగు ఉంగరాలు. ఆ ఉంగరాలు సోకుకి కాదు, ఇదిగో ఇందుకు.

"మీ బావ ఏ షెడ్డులో ఉన్నాడో చెప్పరా."

"నాకు తెలవదు బాబుగారూ."

మళ్ళీ పడింది. ఈసారి చెవి మీద.

ఇంతకీ వెంకయ్య బావ జయరావు చేసిన నేరమేమిటి? మిరప కళ్ళంలో ఆరబోసిన కాయలు తొక్కిందని పూర్ణబాబు కూలికొచ్చిన ఆదెమ్మని జుట్టు పట్టి ఈడ్చి, కాలితో తన్నాడు. ఆదెమ్మకి అరవై ఏళ్ళు. రెండో తన్ను పడబోతుంటే కూలీల్లోంచి జయరావు వచ్చి పూర్ణబాబు చెయ్యి పట్టుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. గట్టిగా పట్టుకుని, "చాలండి," అన్నాడు. అంతే. కాకపోతే నలభై మంది కూలీలు చూశారు. ఆ సాయంత్రమే జయరావు పెళ్ళాం రెబ్కాని తీసుకుని ఊరొదిలి, వేటపాలెం వెళ్ళి జీడిపప్పు షెడ్డులో పనికి చేరాడు. రెబ్కా వెంకయ్యకి సొంత అక్క. తల్లి పోయాక అన్నం కలిపి పెట్టి పెంచిన అక్క.

వారం తిరక్కుండా పూర్ణబాబు మనిషి సాంబడు ఆచూకీ పట్టుకొచ్చాడు. వేటపాలెంలోనే ఉన్నారు, మూడింటి ప్యాసింజరుకి బెజవాడ వెళ్ళిపోతున్నారు. అక్కణ్ణించి ఎటు పోతారో ఎవరికీ తెలియదు. షెడ్లేమో బోలెడు. ఏ షెడ్డో తెలిసింది వెంకయ్య ఒక్కడికే.

"నువ్వే బండి తోలతావు, నువ్వే చూపిస్తావు," అన్నాడు పూర్ణబాబు, ఉంగరాలకంటిన రక్తం పంచెకి తుడుచుకుంటూ. "చూపిస్తే మీ బావ ఒక్కడే పోతాడు. లేదంటే షెడ్డు షెడ్డూ వెతికి మీ అక్కని కూడా కలిపి నరుకుతాం. నీ ఇష్టం."

ఇష్టమట, ఇష్టం! వెంకయ్య డోరు తీసి సీట్లో కూర్చున్నాడు. పక్కన పూర్ణబాబు. వెనక సాంబడూ, ఇంకో రౌడీ అంజయ్యా. అంజయ్య ఒళ్ళో గోనెపట్టా, అందులో రెండు కత్తులు.

బయల్దేరబోతుంటే పూర్ణబాబు తల్లి సుబ్బరావమ్మ గబగబా వచ్చింది. కొడుకు ఏ పని మీద వెళ్తున్నాడో ఆవిడకి తెలుసు. తెలిసే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. బానెట్‌కి బొట్టు పెట్టి, పసుపు పొట్లం ఒకటి కొడుకు చేతికిచ్చింది.

"వాడి చేతికియ్యకురోయ్. నువ్వే పొయ్యి," అంది.

ఆ పసుపు కథ చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట గుంటూరు నుంచి వస్తుంటే రేడియేటర్ కారిపోయింది. చుట్టుపక్కల రిపేరు షాపు లేదు. వెంకయ్య ఒక ఇంట్లో గుప్పెడు పసుపు అడిగి తెచ్చి రేడియేటర్‌లో పోశాడు. పసుపు ఉబ్బి చిల్లులో అడ్డంపడింది, కారడం ఆగింది, ఇల్లు చేరారు. దారిలో డ్రైవర్లు చేసే పనే అది. కానీ ఇంటికి రాగానే రేడియేటర్ ఊడదీసి టంకం పెట్టించాలని వెంకయ్య ఆ రోజునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు. వింటేగా! పూర్ణబాబుకి పసుపు మందు తెగ నచ్చేసింది. కాస్త తడి కనబడితే చాలు, ఇంకో గుప్పెడు. సుబ్బరావమ్మకేమో వేరే బాధ. కారు లక్ష్మి, పసుపు శుభం. ఊరవతలి పల్లెలో పుట్టి చర్చికి పోయేవాడు తన ఇంటి లక్ష్మికి పసుపు పోయడమేమిటని ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. కారు కింద దూరి గ్రీజు పెట్టొచ్చు, ఆయిలు మార్చొచ్చు, చక్రాలకంటిన పేడ కడగొచ్చు. పసుపు మాత్రం ముట్టకూడదు. అప్పట్నించీ రేడియేటర్ మూత తీసేదీ, పసుపు పోసేదీ పూర్ణబాబే. వెంకయ్య పని ఇంజను చల్లారిందో లేదో చూసి చెప్పి పక్కకి తప్పుకోవడం.

అది చూడడానికి వెంకయ్యకి ఒక లెక్కుంది. మూత మీద అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టాలి. పదిదాకా ఆనించగలిగితే తియ్యొచ్చు. మధ్యలో చెయ్యి లాక్కున్నావా, లోపల ఆవిరి కుతకుతలాడుతోందన్నమాట, జోలికెళ్ళకూడదు. ఈ లెక్క పూర్ణబాబుకి కూడా నేర్పాడు. పూర్ణబాబుకి అదొక వేడుక. వెంకయ్య చెయ్యి పెడితే ఈయన పక్కన నిలబడి గట్టిగా అంకెలు పలికేవాడు.

కారు కదిలింది. మిట్ట మధ్యాహ్నం, ఫిబ్రవరి ఎండ. రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, వాటి ఘాటుకి సాంబడు దగ్గుతున్నాడు. వెంకయ్య చిట్లిన పెదవికి ఆ గాలి తగిలి మంటెక్కిపోతోంది.

కాలువలోకి తిప్పేద్దామా అనుకున్నాడు. అంజయ్య కత్తిమొన డొక్కలో ఆనించి కూర్చున్నాడు. అప్పుడు మీటరు మీద పడ్డాయి కళ్ళు. వేడి చూపించే ముల్లు సగం దాటింది. రెండేళ్ళ పసుపు గొట్టాల్లో గట్టిపడి కూర్చుంది కదా, నీళ్ళు తిరగడం లేదు. ఏ రోజైనా వెంకయ్య అక్కడే ఆపేసేవాడు. ఇవాళ ఆపలేదు. రెండో గేరులోనే ఉంచి ఆక్సిలేటర్ తొక్కాడు. ఇంజను గోలపెట్టింది. పన్నెండేళ్ళలో ఆ బండిని అలా తోలడం అదే మొదటిసారి.

"గేరు మార్చవేంరా?"

"రోడ్డు గతుకులండీ బాబుగారూ."

ముల్లు చివరికంటా పోయింది. కొమ్మమూరు కాలువ ఫర్లాంగు దూరంలో ఉందనగా బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. ఇంజను రెండు కుదుపులిచ్చి ఆగిపోయింది.

పూర్ణబాబు గడియారం చూసుకున్నాడు. రెండుంపావు. వేటపాలెం ఇంకా నాలుగు మైళ్ళు.

"ఎంతసేపు?"

"అరగంటాగాలండి. తడి గోనె కప్పి..."

ఈసారి చేత్తో కాదు, చెప్పుతో కొట్టాడు. వెంకయ్య పత్తిచేను గట్టు మీద పడ్డాడు. సాంబడు దిగొచ్చి పొట్టలో రెండు తన్నాడు, అడక్కుండానే.

"నాటకాలాడుతున్నాడండీ, బావ రైలెక్కేదాకా మనల్ని ఇక్కడ కూర్చోబెడదామని."

"నాటకమా? ఇవాళ వీడి నాటకం ఇక్కడే అయిపోద్ది," అన్నాడు పూర్ణబాబు. దూరంగా రోడ్డు మీద పత్తి లారీ ఒకటి వస్తోంది. "సాంబా, ఆ లారీ ఆపు. దాంట్లో పోదాం. షెడ్లు మనమే వెతుకుదాం, ఇద్దర్నీ లేపేద్దాం. అంజయ్యా, వీణ్ణి కోసి కాలువలో పడెయ్."

లారీ అయితే పావుగంటలో వేటపాలెంలో ఉంటుంది. రైలు మూడింటికి. వెంకయ్య ఆ లెక్క క్షణంలో వేసుకున్నాడు. అక్క మొహం కళ్ళముందు నిలిచింది. భయం భయంగానే ఉంది, కానీ భయం కంటే ముందు కాళ్ళు లేచాయి.

"బాబుగారూ, ఒక్క నిమిషం. చల్లారిందేమో చూస్తానండి."

బానెట్ ఎత్తాడు. ఆవిరి మొహాన కొట్టింది. ఒళ్ళంతా మసిలిపోతున్న ఇంజను. మూత ఎంత వేడిగా ఉందో వెంకయ్యకి ముట్టుకోకుండానే తెలుసు. తెలిసే అరచెయ్యి ఆనించాడు.

"ఒకటి," అన్నాడు పూర్ణబాబు, అలవాటు కొద్దీ.

చర్మం అంటుకుపోయింది. వెంకయ్య పళ్ళు బిగబట్టాడు. ఊడిన పన్ను చోటునుంచి రక్తం ఊరింది, మింగాడు.

"రెండు... మూడు... నాలుగు..."

ఆవిరి మోతలో ఇంకో చప్పుడు కలిసింది. పెనం మీద నీళ్ళచుక్క పడ్డట్టు. అది తన చేతిదని వెంకయ్య ఒక్కడికే తెలుసు. చెయ్యి లాక్కో, లాక్కో అని ఒళ్ళంతా అరుస్తోంది. లాక్కుంటే లారీ ఆగుతుంది.

"ఏడు... ఎనిమిది..." పూర్ణబాబు గొంతులో ధీమా వచ్చేసింది. "తొమ్మిది. పది! చూశారట్రా? అరగంటంట! ఎంత దొంగ నాయాలు వీడు! ఒరేయ్ సాంబా, లారీ వద్దులే, పోనియ్!"

లారీ వీళ్ళ మీద దుమ్ము కొట్టి వెళ్ళిపోయింది. వెంకయ్య చెయ్యి తీసి వెనక్కి పెట్టుకున్నాడు. చర్మం కొంత మూతకే ఉండిపోయింది. పూర్ణబాబు అది చూడలేదు, పసుపు పొట్లం విప్పుతున్నాడు.

"తప్పుకో అవతలికి. ముట్టుకోకు."

వెంకయ్య తప్పుకున్నాడు. ఒక్క మాట చాలు, ఆగండి బాబుగారూ అని. రెండేళ్ళుగా వందసార్లు చెప్పిన మాటే. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు.

పూర్ణబాబు మూత మీద తువ్వాలు వేసి, బాగా కనబడాలని మొహం దగ్గరికి వంచి, ఒక్క తిప్పు తిప్పాడు.

మూత తుపాకీ గుండులా ఎగిరింది. దాని వెనకే మరుగుతున్న పచ్చటి నీళ్ళు నిలువునా లేచి ఆయన మొహానా, కళ్ళలోనా, మెడ మీదా పడ్డాయి. పూర్ణబాబు పెట్టిన కేకకి పత్తిచేలో కొంగలు లేచిపోయాయి. నేల మీద దొర్లాడు. మొహమంతా పసుపు, ఆ పసుపు కింద తోలు ఊడొస్తోంది.

అంజయ్య కత్తి విసిరాడు. వెంకయ్య భుజం తెగింది. రెండో వేటు మెడ మీద పడేదే, సాంబడు అడ్డమొచ్చాడు.

"ఆగెహె! వీణ్ణి నరికితే బండెవడు తోలతాడు? నువ్వు తోలతావా?"

అంజయ్య కత్తి దించాడు.

"తియ్యరా బండి! చీరాల ఆస్పత్రికి!" సాంబడు అరిచాడు.

"అరగంటాగాలి," అన్నాడు వెంకయ్య. గొంతులో ఏ మార్పూ లేదు. "ఇప్పుడు చన్నీళ్ళు పోస్తే ఇంజను హెడ్డు పగులుద్ది. ఇక బండి కదలదు. కాలవలో నీళ్ళు తెండి. ముందు ఆయన మొహాన పొయ్యాలి."

ఈసారి ఎవరూ నాటకమనలేదు. అరగంట ఆగారు. ఎండలో, ఆ కేకలు వింటూ, ఇద్దరు రౌడీలూ డబ్బాలతో కాలవకీ కారుకీ తిరిగారు. వెంకయ్య మంచి చేత్తో నీళ్ళు పట్టి పూర్ణబాబు మొహం మీద పోస్తూనే ఉన్నాడు. జాలి కలిగింది. ఎందుకు కలిగిందో వెంకయ్యకే తెలియదు, కలిగింది. చేసిందానికి మాత్రం బాధ లేదు.

ఇంజను చల్లారాక నీళ్ళు నింపి, మూత వెతికి తెచ్చి బిగించాడు. మూత లోపలి రబ్బరు బాగానే ఉంది. పూర్ణబాబుని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఈసారి వెంకయ్య గేర్లు సక్రమంగా మార్చాడు.

చీరాలలో రైల్వే గేటు వేసి ఉంది. ఆస్పత్రి గేటుకి అవతల. వెంకయ్య హ్యాండ్ బ్రేకు లాగాడు. పూర్ణబాబు రెండు కళ్ళూ ఉబ్బి మూసుకుపోయాయి. నొప్పికి చేతులు తడుముకుంటూ, దేన్నో ఒకదాన్ని పట్టుకుందామని, గేరు మీదున్న వెంకయ్య చెయ్యి పట్టుకున్నాడు.

వేళ్ళు అరచేతిలోకి పోయాయి. పచ్చి మాంసం తగిలింది.

పూర్ణబాబు మూలుగు ఆగిపోయింది. మళ్ళీ తడిమాడు, మెల్లిగా.

"కాలిందేంరా?"

"కాలిందండి."

"ఎప్పుడు?"

"మీరు అంకెలు చెప్పేటప్పుడండి."

వెనక అంజయ్య ఊపిరి వినబడింది. కత్తిమొన వచ్చి వెంకయ్య మెడ మీద ఆనింది. పూర్ణబాబు ఆ చెయ్యి వదల్లేదు, నొక్కనూ లేదు. ఆయనేదో అనబోయాడు. అప్పుడే రైలొచ్చింది. వేటపాలెం వైపు నుంచి, బెజవాడ ప్యాసింజరు, నలభై నిమిషాలు లేటు. పెట్టె తర్వాత పెట్టె, కిటికీలనిండా జనం. వెంకయ్య అక్కని వెతికాడు. కనబడలేదు. ఎర్రచీర ఒకటి కనబడింది, అక్కదో కాదో తెలియలేదు. అయినా చివరి పెట్టె దాటేదాకా కన్నార్పకుండా చూశాడు.

"మీ బావ వెళ్ళిపోయాడా?" అన్నాడు పూర్ణబాబు.

"వెళ్ళిపోయాడండి."

గేటు లేచింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. మెడ మీద కత్తి అలాగే ఉంది.

"చెయ్యి వదలండి బాబుగారూ," అన్నాడు వెంకయ్య. "గేరెయ్యాలి."