వెచ్చని గోడ

మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. హాస్టల్ వంటగదిలో నూట ఇరవై కంచాలు తోమి, మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఆవిడకు నడుము విరిగిపోతున్నట్టుంది. గుమ్మంలో తడికొంగు పిండుకుంటూనే కోడల్ని అడిగింది.

"వాడు ఫోన్ చేశాడా?"

"పొద్దుట్నుంచి మీరే మూడుసార్లు చేశారు కదత్తయ్యా. ఇంక ఆయనెందుకు చేస్తారు?"

"రబ్బరు చెప్పులేసుకెళ్లాడా?"

"వేసుకున్నారు. నేను చూశాను. మీమీద ఒట్టు."

"నామీదెందుకే ఒట్టు, చచ్చిపోతాను!"

వీధిలో అందరూ ఆవిడను గాభరామ్మ అనేవారు. కొడుకు వైర్‌మన్. పని నేర్చుకునే రోజుల్లో వాడొకసారి చెప్పాడు: అనుమానం ఉన్నచోట అరచేత్తో తాకకూడదు, షాక్ కొడితే వేళ్లు బిగుసుకుపోయి పట్టు వదలవు, చేతి వెనక వైపుతోనే తాకాలి అని. అప్పటినుంచి ఆవిడ కుళాయినీ, తలుపు గొళ్లాన్నీ, చివరికి హాస్టల్లో ఇనప గరిటెనీ కూడా ముందు చెయ్యి తిప్పి తాకి చూసుకునేది. ఫోన్ మోగితే ఆస్పత్రి నుంచే అనుకునేది.

అన్నిటికీ భయపడే ఆ మనిషి ఒక్క గోడకు మాత్రం భయపడలేదు.

వాళ్లుండేది కింద, ఒంటి గదిలో. మేడ మీద ఇంటాయన. మీటరు ఒకటే కాబట్టి కిందివాళ్లు ఇస్త్రీపెట్టె వాడకూడదనీ, హీటరు మాటే ఎత్తకూడదనీ అద్దెకు దిగిన రోజే చెప్పాడు. ఇరవై రెండు రోజుల పసిబిడ్డకు నీళ్లు కాచుకుంటామని కోడలు బతిమాలితే, "మీకు హీటర్లు, నాకు బిల్లులూనా?" అన్నాడు. పైన మాత్రం రాత్రీ పగలూ నాలుగు మిషన్లు తిరుగుతూనే ఉండేవి. చేతికి చిక్కని, కంటికి కనపడని కంప్యూటరు డబ్బును లెక్కలు కట్టి పుట్టించే మిషన్లట. ఒక్కోటి రెండు లక్షలు. ఒక్కోటి ఒక హీటరును మించి కరెంటు తాగేది. వాటి ఫ్యాన్ల రొద కందిరీగల తుట్టె కదిలినట్టు కప్పు మీద ఎప్పుడూ ఉండేది.

ఈ వానల్లో బిడ్డ గుడ్డలు ఆరక, ముక్కిన వాసన కొడుతుంటే ఆ గోడ దొరికింది. గది మూలన, నేల నుంచి కప్పు దాకా జానెడు వెడల్పున గోడ వెచ్చగా ఉండేది. తడిగుడ్డ తగిలిస్తే గంటలో ఆరేది. ఆవిడ తన నడుమును దానికే ఆనించి కూర్చునేది. ఉయ్యాలను కూడా తన చేతులతోనే దాని పక్కకు జరిపింది. "ఆయన వద్దంటే ఏమయింది? గోడే మనకు హీటరయింది చూడు," అని నవ్వింది. ఆ గోడను అరచేత్తోనే నిమిరింది.

రోజూ గుడ్డలన్నీ తీసేశాక, చీకటి పడ్డాకే వచ్చే కొడుకు, వానకు పని ఆగిపోయి ఆ పూట తొందరగా వచ్చేశాడు. సంచి దించబోతూ గోడకేసి చూసి ఆగిపోయాడు. ఆరు గుడ్డలు, ఒకదాని కింద ఒకటి, గీత గీసినట్టు నిలువుగా వేలాడుతున్నాయి.

"అన్నీ అక్కడే ఎందుకు వేశారు?"

"అక్కడే ఆర్తాయిరా. పట్టుకు చూడు, ఎంత వెచ్చగా ఉందో."

వాడు పట్టుకోలేదు. చెయ్యి తిప్పి, వెనక వైపు ఆనించాడు.

"బిడ్డనెత్తుకుని ముందు బయటికి పో," అన్నాడు భార్యతో.

"ఏంట్రా? ఏముందా గోడలో?" అంది తల్లి.

"మేడ మీదికెళ్లే కేబులమ్మా. రెండు మిషన్లకని వేశాను. నలభై ఆంపియర్ల బ్రేకరు పెట్టాను. తీగ మొయ్యలేనంత కరెంటు పోతుంటే అది పడిపోతుంది, తీగ కాలకుండా. ఈయన ఇంకో రెండు మిషన్లు తెచ్చాక రోజూ పడిపోయేది. వేరే కేబులు లాగాలి, పైపుతో కలిపి ఇరవై ఎనిమిది వేలవుతుందన్నాను. 'తీగ నాకేమన్నా సంపాదించి పెడుతుందా?' అన్నాడు."

"మరిప్పుడెందుకు పడట్లేదు?"

"పెద్ద బ్రేకరు పెడితే పడదు, తీగే కాలుతుంది," అంటూ వాడు గోడ మీది గుడ్డలు లాగసాగాడు.

"ఎవడు మార్చాడ్రా బ్రేకరు?"

"నేనేనమ్మా. అరవై మూడుది పెట్టాను. నెల దాటింది. అప్పుడు నీ కోడలు నిండు నెలలతో ఉంది. పెట్టకపోతే గది ఖాళీ చెయ్యమన్నాడు. వారంలో కేబులు తెప్పిస్తానన్నాడు."

ఆవిడ ఖాళీ ఉయ్యాలకేసి చూసి, దాన్ని గది అవతలి మూలకు లాక్కెళ్లింది.

మెట్ల కింద, అదే గోడకు అవతలి వైపున ఉంది బోర్డు. కొడుకు వెళ్లి బ్రేకరు దించాడు. పైన రొద చప్పున ఆగింది. వాన అప్పుడే మొదలైనట్టు వినిపించింది.

ఇంటాయన నాలుగు మెట్లు దిగి వంగి చూశాడు. "ఏమోయ్, ఎందుకు తీశావ్? ఒక పూట ఆగితే నీ రెండ్రోజుల కూలి పోతుంది నాకు!"

"గోడ కాలుతోంది సార్. కేబులొచ్చేదాకా రెండే నడుపుకోండి. పాత బ్రేకరు మళ్లీ పెట్టేస్తాను."

"నెల్నుంచి కాలంది ఇవ్వాళ కాలిందా? అయినా పెట్టిందెవరు? ఏదన్నా అయితే నీ చేతిపనే అని చెప్తాను. బ్రేకరు వెయ్యి. వెయ్యకపోతే సాయంత్రానికి సామాను బయట పెట్టుకో."

వాడు వానకేసి చూశాడు. బిడ్డను కొంగులో దాచుకుని చూరు కింద నిలబడ్డ భార్యకేసి చూశాడు. చెయ్యి మెల్లగా బోర్డు వైపు లేచింది.

మధ్యలోకి గాభరామ్మ వచ్చేసింది. ఫ్యాను స్విచ్చు వెయ్యడానికి కూడా కోడల్ని కేకేసే మనిషి, వీపును బోర్డుకు ఆనించి నిలబడింది.

"వెయ్యడు బాబూ."

"నిన్నడగలేదమ్మా నేను."

"అడక్కపోయినా చెప్తున్నా. వెయ్యడు."

"సరే. ఊరు మొత్తానికి నీ కొడుకొక్కడే వైర్‌మన్ కాబోలు," అంటూ ఆయన ఫోన్ తీశాడు.

పావుగంటకు ఇంకో వైర్‌మన్ తడుస్తూ వచ్చాడు. కొడుకు వయసువాడే. ఇంటాయన పైనుంచే కేకేశాడు: "ఆవిణ్ని జరగమని ఆ బ్రేకరు పైకెత్తు. ఒక్క వేలితో అయ్యే పని, ఐదొందలిస్తాను."

"కొంచెం జరగండి పిన్నిగారూ."

ఆవిడ జరగలేదు. "మీ అమ్మ ఉందా నాయనా?"

"ఉంది."

"పనికెళ్లేటప్పుడు చెప్పులేసుకున్నావా అని అడుగుతుందా?"

వాడు తన కాళ్లకేసి చూసుకుని నవ్వాడు. "రోజూ చంపుతుంది."

ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంది. తిప్పి, వెనక వైపును బోర్డు పైన గోడకు ఆనించింది.

గోడ ఇంకా వేడిగానే ఉంది. వాడి నవ్వు ఆగిపోయింది. ఆ చెయ్యి బ్రేకరు వైపు పోలేదు. సంచీ భుజం మీంచి దించలేదు.

"అయిందా?" పైనుంచి ఇంటాయన మళ్లీ కేకేశాడు.